కుక్క కణితికి కోత ఖర్చు కన్నా దారి ఖర్చే బరువు

సంపాదకుల వారికి నమస్కారములు.

మా ఇంటి ఆడకుక్క గౌరికి తొమ్మిదేళ్లు. నిరుడు కార్తీకమాసంలో అరుగు మీద పడుకోబెట్టి పిడుదులు ఏరుతుంటే, వెనుక కాళ్ల దగ్గరి చన్ను పక్కన శనగగింజంత గడ్డ మా ఇంటావిడ వేలికి తగిలింది. పాలు గడ్డకట్టి ఉంటాయని ఇరుగుపొరుగు వారు అనడంతో పసుపు పట్టు వేసి ఊరుకున్నాము. సంక్రాంతి వెళ్లేసరికి అది నిమ్మకాయంత అయింది. ఆ ఆలస్యం మాదే.

కుక్కకు సాధారణంగా ఐదు జతల పాలగ్రంథులు ఉంటాయి, కణితులు ఎక్కువగా వెనుక రెండు జతల్లోనే లేస్తాయి. వాటిలో సుమారు సగం క్యాన్సర్ గడ్డలే. ఏది ఏ రకమో పైకి చూసి, చేత్తో తడిమి చెప్పడం ఎంతటి డాక్టరుకైనా సాధ్యం కాదు. కోసి తీసిన ముక్కను ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తేలుతుంది. గడ్డ మూడు సెంటీమీటర్లు దాటకముందే తీయించిన కుక్క ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంటుంది గనుక ఇక్కడ ప్రతి వారమూ లెక్కలోకి వస్తుంది.

ఊపిరితిత్తులకు పాకిందేమో చూసే ఎక్స్‌రే గానీ, ఇంత పెద్ద ఆపరేషన్‌కు తగిన మత్తు ఏర్పాటు గానీ గజపతి జిల్లా కేంద్రమైన మా పర్లాకిమిడిలో దొరకలేదు. విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరీక్షలకు ఒకసారి, ఆపరేషన్‌కు ఒకసారి తీసుకువెళ్లాము. రక్తపరీక్ష, ఎక్స్‌రేలకు 2,300 రూపాయలు, మత్తుతో కలిపి ఆపరేషన్‌కు 9,500, ముక్క పరీక్షకు 1,800 అయ్యాయి. కుక్కను బస్సు ఎక్కనివ్వరు కాబట్టి రెండుసార్లు కారు మాట్లాడుకున్నందుకు అయినది 12,000. అంటే మొత్తం 25,600 రూపాయల్లో దాదాపు సగం దారికే పోయింది. కుట్లు మాత్రం మా ఊరి పశువుల డాక్టరు గారే పైసా తీసుకోకుండా విప్పారు.

నాకు పెన్షన్ వస్తుంది కనుక తట్టుకోగలిగాను. మా వీధి చివర ఇడ్లీలు అమ్ముకునే ఆమె కుక్కకూ ఇదే జబ్బు వచ్చింది. గడ్డ పగిలి పుండై పురుగులు పడితే, ఆమె రోజూ వేపాకు నీళ్లతో కడిగి పాతచీర పేలికతో కట్టు కట్టేది. కారు ఖర్చు విన్న తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు. నెల తిరగకుండానే ఆ కుక్క చనిపోయింది.

ఇది చాలావరకు రాకుండా ఆపగల జబ్బు కావడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను మొదటి ఎదకు ముందే చేయిస్తే, చేయించని కుక్కలకుండే ముప్పులో అర శాతమే మిగులుతుందనీ, ఒక ఎద తర్వాతైతే 8 శాతం, రెండు ఎదల తర్వాతైతే 26 శాతం ఉంటుందనీ 1969లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. తర్వాతి పరిశోధకులు కొందరు ఆ అంకెలను ప్రశ్నించినా, తొందరగా చేయిస్తే మేలన్న మాటను పశువైద్యులు నేటికీ చెబుతూనే ఉన్నారు. ఎద రాకుండా వేయించే హార్మోన్ ఇంజెక్షన్లయితే ఈ ముప్పును పెంచుతాయి. చవకని వాటికి పోయేవారికి ఆ సంగతి చెప్పేవారు ఉండాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్కకు ఈ ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదే. బాధ్యత మాదైనప్పుడు, చేయించుకునే చోటు అందుబాటులో ఉంచడం ప్రభుత్వ ధర్మం కాదా?

ఈ జిల్లా కేంద్రంలో వారానికి ఒక రోజైనా పెంపుడు ఆడకుక్కలకు నామమాత్రపు రుసుముతో ఈ ఆపరేషన్ చేయాలని, ఒక ఎక్స్‌రే యంత్రం, మత్తులో తర్ఫీదు పొందిన ఒక డాక్టరు ఉండేలా చూడాలని ఒడిశా పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. అప్పుడు చిన్న గడ్డలను ఇక్కడే తీయవచ్చు. ముక్క పరీక్షకు కుక్క ప్రయాణం చేయనక్కరలేదు. ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం పోసిన చిన్న సీసాలో ముక్క ఒక్కటే వెళితే చాలు. భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాల ఉంది, కానీ మాకు అంతకన్నా దగ్గర విజయనగరం జిల్లా గరివిడిలోని కళాశాల. మహేంద్రతనయ నదికి అవతల ఆంధ్రలోని పాతపట్నంలో మా చుట్టాలున్నారు, సంతకూ పెళ్లికీ సరిహద్దు మాకు అడ్డు రాలేదు. ఇక్కడి ఆసుపత్రి నుంచి పంపిన సీసాను గరివిడిలో తీసుకుని పరీక్షించేలా రెండు రాష్ట్రాల శాఖలూ ఒక ఉత్తర్వు ఇచ్చుకోవాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.