అలారం మోగితే వెళ్లే మనిషి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టుపక్కల కొత్తగా వెలుస్తున్న వృద్ధాశ్రమాలు సీసీ కెమెరాలను, పరుపు కింద పెట్టే సెన్సర్లను, మెడలో వేసుకునే అలారం బటన్లను తమ ప్రకటనల్లో ముందుగా చూపిస్తున్నాయి. పరాయి దేశాల్లో ఉన్న పిల్లలు ఆ భరోసాతోనే తల్లిదండ్రులను చేర్పిస్తున్నారు. వారి భయం అకారణమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే అధికం.

అయితే అలారం పెట్టినంత మాత్రాన పడిపోవడం ఆగదు. మా అత్తగారు ఉంటున్న ఆశ్రమంలో ఆమె మంచం దిగగానే కింది అంతస్తులోని బల్ల మీద గంట మోగుతుంది. రాత్రిపూట రెండు అంతస్తులకు కలిపి ఉన్నది ఒకే ఆయా. ఆమె వేరొకరికి డైపర్ మార్చి మెట్లెక్కి వచ్చేసరికి మా అత్తగారు గోడ పట్టుకుని బాత్రూం గడప దాటేసి ఉంటారు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో 16 విభాగాల్లో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ మంచం అలారాల వాడకం పెరిగింది గాని, రోగులు పడిపోవడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

సెన్సర్ అసలు విలువ అది రాసిపెట్టే లెక్కలో ఉందని నా అభిప్రాయం. ఒక పెద్దాయన రాత్రి ఎన్నిసార్లు, ఏ వేళకు లేస్తున్నారో వారం రోజుల లెక్క డాక్టరు చేతిలో పెడితే, ఒంట్లో నీరు తగ్గడానికి సాయంత్రం వేసే మాత్రను పొద్దుటికి మార్చవచ్చేమో, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో ఆయన చూడగలుగుతారు. మంచం పక్కన కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ, దారిలో చిన్న దీపం ఎవరికి ముందు అవసరమో ఆశ్రమం వారికి తెలుస్తుంది. ఇందుకు గదిలో కెమెరా అక్కరలేదు. బట్టలు మార్చే చోట కెమెరా పెట్టేటప్పుడు డబ్బు కట్టే కొడుకును కాక, ఆ గదిలో ఉండే తల్లిని అడగాలి.

ప్రభుత్వం ప్రైవేటు వృద్ధాశ్రమాలకు అనుమతులిచ్చేటప్పుడు ప్రతి అంతస్తుకూ రాత్రి ఒక ఆయా ఉండాలనీ, గంట మోగాక ఎంతసేపటికి మనిషి చేరిందో రిజిస్టరులో రాయాలనీ, ఆ రిజిస్టరును కుటుంబ సభ్యులు అడిగినప్పుడు చూపాలనీ షరతు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్