ఇకపై మా స్టూడియోలో టచింగ్ తగ్గుతుంది, లైటింగ్ మారుతుంది

మా స్టూడియోకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ మధ్య ప్రింట్ చేతికి తీసుకోగానే చాలామంది ఒకటే మాట అంటున్నారు: "ఫోటో బాగుంది గానీ, మా అమ్మాయిలా లేదండీ." ఆ మాట నిజం, తప్పు మాదే. టచింగ్ పేరుతో కంప్యూటర్లో దిద్ది దిద్ది, ముఖం మైనపు బొమ్మలా నునుపుగా, రంగు అసలుకన్నా బాగా తెల్లగా వచ్చిన ఫోటోలు మేం ఇచ్చాం. పొరపాటు ఎక్కడ జరిగిందో, ఇప్పుడు ఏం మారుస్తున్నామో ఉన్నది ఉన్నట్టు చెబుతాం.

అసలు తప్పు లైట్ల దగ్గరే మొదలైంది. కుడివైపు ఒక గొడుగు లైటు, ఎడమవైపు ఒక గొడుగు లైటు పెట్టి, రెండూ ఒకే పవర్‌లో కొట్టడం మాకు అలవాటు. ఎవరొచ్చి కూర్చున్నా ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుగు పాళ్లు, తప్పు పోదు, పని త్వరగా తెమిలిపోతుంది. కానీ రెండు పక్కలా సమానంగా వెలుగు పడితే ముక్కు పక్కన నీడ పోతుంది, దవడ గీత పోతుంది, ముఖమంతా బల్లపరుపుగా వస్తుంది. పోయిన ఆ ఆకారాన్ని తర్వాత కంప్యూటర్లో బ్రష్‌తో గీసేవాళ్లం. గీసిన నీడ చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ముఖానికి ఒకే లైట్. 120 సెంటీమీటర్ల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ (తెల్లగుడ్డ కప్పిన ఎనిమిది పలకల లైటు పెట్టె), ముఖానికి నాలుగు అడుగుల దూరంలో, పక్కకి 45 డిగ్రీలు, కళ్ల ఎత్తుకన్నా ఒక అడుగు పైనుంచి కిందికి వంచి పెడుతున్నాం. సరిగ్గా పడిందో లేదో కంట్లోనే తెలుస్తుంది. నల్లగుడ్డు మీద మెరుపు గడియారంలో పది గంటల దగ్గరో, రెండు గంటల దగ్గరో కనపడాలి. మెరుపు కనపడకపోతే లైటు మరీ ఎత్తులో ఉన్నట్టు, అప్పుడు కళ్లు గుంటలు పడ్డట్టు వస్తాయి. రెండో పక్కన లైటు బదులు తెల్ల థర్మోకోల్ షీటు, రెండు అడుగుల దూరంలో. నీడ ఉన్న చెంప వెలుగున్న చెంపకన్నా ఒకటి, ఒకటిన్నర స్టాప్ తక్కువ ఉంటే చాలు (ఒక స్టాప్ తక్కువంటే వెలుగు సగం).

సాఫ్ట్‌బాక్స్ దూరం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టచింగ్ సగం తగ్గేది ఇక్కడే. నాలుగు అడుగుల దూరాన ఉన్నదాన్ని ఎనిమిది అడుగులకి జరిపితే ముఖానికి అది సగం వెడల్పే కనిపిస్తుంది, వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. పవర్ పెంచి వెలుగు సరిచేయొచ్చు, మెత్తదనం మాత్రం తిరిగి రాదు. చిన్న మూలం నుంచి వచ్చే వెలుగులో ప్రతి మొటిమ పక్కనా ఒక నీడ, ప్రతి గుంటలో ఒక చుక్క నలుపు తేలతాయి. దగ్గరున్న పెద్ద వెలుగు ఆ గుంటల్లోకి కూడా పక్కల నుంచి వెళ్తుంది కాబట్టి అవి వాటంతటవే తేలికపడతాయి. పెద్దవాళ్లు కూర్చుంటే లైటుని 45 నుంచి 30 డిగ్రీలకి ముందుకు తెస్తాం, ఒడిలో ఇంకో తెల్ల అట్ట పెడతాం. ముడతలు ఉంటాయి, తవ్వినట్టు మాత్రం ఉండవు.

కుర్చీకి, వెనక గోడకి మధ్య ఆరు అడుగులు. కెమెరా కూడా మీకు ఆరు అడుగుల దూరంలోనే, 85 మి.మీ. లెన్స్‌తో. కెమెరా దగ్గరికొస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఫోన్ సెల్ఫీలో మీ ముఖం మీకే కొత్తగా అనిపించేది ఇందుకే.

మీవైపు నుంచి మాకు కావాల్సిన సాయం కొంచెం ఉంది. జిడ్డు మెరిసిన చోట ఫోటోలో తెలుపు తప్ప ఇంకేమీ రికార్డు కాదు, అక్కడి చర్మాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కాబట్టి మేమిచ్చే టిష్యూని నుదురు, ముక్కు మీద అద్దండి, రుద్దకండి. జింకు, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్, సిలికా ఎక్కువున్న పౌడరు ఆ రోజు వద్దు. అద్దంలో బాగానే ఉంటాయి గానీ ఫ్లాష్ పడగానే తెల్లటి బూడిద పూసినట్టు తేలతాయి. ఎర్ర పట్టుచీర కడితే ఆ ఎరుపు గడ్డం కిందికి ప్రతిఫలిస్తుంది. చీర మార్చుకోనక్కర్లేదు, ఆ భాగం రంగు మేం విడిగా సరిచేస్తాం.

పెళ్లికూతుళ్ల ఫోటోల్లో పసుపు సంగతి వేరే చెప్పాలి. మంగళస్నానం అయ్యాక కూడా జుట్టు మొదళ్లలో, చెవుల వెనక పసుపు నిలిచే ఉంటుంది. కెమెరాని ఆటో వైట్ బ్యాలెన్స్‌లో, అంటే రంగుల్ని దానంతటదే సరిచేసుకునేలా, వదిలేస్తే ఆ పసుపుని చూసి మొత్తం ఫోటోని నీలం వైపు లాగేస్తుంది. అందుకే మొదటి షాట్ గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట) పట్టించి తీసి, దాని ప్రకారం రంగు బిగిస్తున్నాం. మేం చేస్తూ వచ్చిన ఇంకో తప్పు, ముఖం మీది పసుపు తగ్గించడానికి ఫోటో మొత్తానికీ పసుపు స్లైడర్ తగ్గించడం. దాంతో కాసుల పేరు, వడ్డాణం, చీర జరీ అన్నీ ఇత్తడిలా వెలవెలబోయాయి. ఇప్పుడు ముఖానికి, మెడకి మాత్రమే మాస్క్ గీసి, అంటే ఆ భాగాన్ని విడిగా గుర్తుపెట్టి, అక్కడే తగ్గిస్తున్నాం. ఒక్కో ఫోటోకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ బంగారం బంగారంలా ఉంటుంది.

"కాస్త కలర్ తెప్పించండి" అనే మాటకి వద్దాం. ముఖ్యంగా సంబంధాలకి పంపే ఫోటోల్లో ఇది ఎక్కువ అడుగుతారు. ముఖం తెల్లగా చేస్తే మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు మిగులుతాయి, అవి కలపబోతే గోరింటాకు వెలిసిపోతుంది. ఎక్స్‌పోజర్ పెంచినా లాభం లేదు. ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో, చామనచాయకి ఎరుపు పాలు అన్నిటికన్నా ముందు నిండిపోతుంది, చర్మం నారింజ రంగుకి తిరిగి, చెంపల మీది వివరం చెరిగిపోతుంది. పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చునేది ఫోటో కాదు, మీ బిడ్డ. ఆ బిడ్డ రంగుని మార్చే పని ఇక మేం చేయం. మంచి వెలుగులో తీస్తే చామనచాయకి ఉండే నిగారింపు ప్రింట్లో ఎలా వస్తుందో, కావాలంటే ముందు ఒక నమూనా తీసి చూపిస్తాం.

టచింగ్‌లో ఇక మా లెక్క ఇది. రెండు వారాల్లో దానంతటదే పోయేది తీసేస్తాం: మొటిమ, దోమకాటు, షేవింగ్ గాటు, చెదిరిన వెంట్రుక. పుట్టుమచ్చ, పాత మచ్చ, సొట్ట మీరు నోరు తెరిచి అడిగితే తప్ప ముట్టుకోం. మొటిమల్ని ఖాళీ లేయర్ (ఫోటో మీద పరిచే పారదర్శక పొర) మీద, మచ్చని పక్క చర్మంతో కప్పే హీలింగ్ బ్రష్‌తో ఒక్కొక్కటిగా, బ్రష్ మొటిమకన్నా కొంచెమే పెద్దగా పెట్టి తీస్తాం. నుదుటి చర్మం తెచ్చి చెంపకి అతికితే రంధ్రాల సైజు తేడా తెలిసిపోతుంది, అందుకే పక్కనున్న చర్మమే తీసుకుంటాం. కళ్ల కింద నలుపు పూర్తిగా పోతే మనిషి మారిపోతాడు. విడి లేయర్ మీద తీసేసి, ఆ లేయర్‌ని 40 శాతానికి దించుతాం. రంగు మరకలుంటే చాలా పలుచటి బ్రష్‌తో కొద్దికొద్దిగా తేలిక చేస్తాం. చర్మం మొత్తాన్నీ బ్లర్ చేసే ఫిల్టర్లు వాడం. ఆఖర్న చేసిన మార్పులన్నీ ఒక గ్రూపులో పెట్టి, కాసేపు వేరే పని చూసుకొని వచ్చి, గ్రూపుని 70 శాతానికి తగ్గించి చూస్తాం. చాలాసార్లు అదే సరిపోతుంది. స్క్రీన్‌ని 300 శాతం పెద్దది చేసి పనిచేసినన్నాళ్లూ ఎక్కడ ఆపాలో మాకు తెలియలేదు.

ప్రింట్లు వేసే ల్యాబ్‌కి పంపేటప్పుడు "కరెక్షన్ వద్దు" అని రాసి పంపుతున్నాం. లేకపోతే అక్కడి ఆటో కరెక్షన్ ముఖాన్ని మళ్లీ తెల్లబరుస్తుంది.

పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయించి దండ వేయడానికి వచ్చేవాళ్లకి ఒక మనవి. పాత ఫోటోని ఏఐ యాప్‌లో స్పష్టం చేయించుకొని తేకండి, మేమూ ఆ పని మానేశాం. చిన్న మసక ఫోటోలో లేని వివరాన్ని ఆ యాప్ ఊహించి వేస్తుంది. కనురెప్పలు, పళ్ల వరస వేరేవాళ్లవి అవుతాయి, ఇంట్లోవాళ్లు మాత్రమే ఆ తేడా పట్టగలరు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగువైపు సుమారు 1600 పిక్సెల్సే వస్తాయి. 12×18 ప్రింటుకి అవి అంగుళానికి 90 కూడా రావు, 5×7కి బాగానే సరిపోతాయి. అసలు ప్రింట్ ఉంటే అదే తెండి, స్కాన్ చేసుకొని అక్కడే ఇచ్చేస్తాం. లేదంటే ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటో చిన్నదైతే చిన్న సైజులోనే వేసి, చుట్టూ వెడల్పు అట్ట అంచు (మౌంటు) పెట్టి ఫ్రేమ్ కడతాం. ముఖం మాత్రం వాళ్లదే ఉంటుంది.

పాస్‌పోర్ట్, వీసా ఫోటోల్లో ముఖం మీద ఏ టచింగూ ఉండదు. అమెరికా వీసా ఫోటోకి 2016 నవంబర్ నుంచి కళ్లద్దాలు కూడా తీసేయాల్సిందే.

ధరలు మారడం లేదు, సమయం మారుతోంది. పోర్ట్రెయిట్ మరుసటి రోజుకి ఇచ్చేవాళ్లం, ఇక మూడు రోజులు పడుతుంది. సిట్టింగ్ కూడా పది నిమిషాల్లో అవదు, అరగంట చేతిలో పెట్టుకొని రండి.

సంక్రాంతి నుంచి తీయించుకున్న పోర్ట్రెయిట్ల రా ఫైళ్లు (కెమెరా తీసినట్టే ఉన్న, దిద్దని ఫైళ్లు) మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఫోటోలో ముఖం మరీ నునుపుగా అనిపిస్తే బిల్లు నంబరు చెప్పండి, టచింగ్ తగ్గించి ఒక ప్రింట్ ఉచితంగా వేసిస్తాం. రెండు గొడుగుల వెలుగుని మాత్రం ఇప్పుడు మార్చలేం. అదే మీకు నచ్చనిదైతే మళ్లీ వచ్చి కూర్చోండి, తీసినందుకు డబ్బు తీసుకోం.