పంచాయతీరాజ్ పాఠంలో పంచాయతీ రికార్డులేవి?

సంపాదకులకు,

నమస్కారం. గ్రామ స్వపరిపాలన మీద దూరవిద్య కోర్సులు పెట్టాలంటూ ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆలోచన మంచిదే. కానీ రాసినాయన సగం వ్యాసం సర్పంచులకూ వార్డు సభ్యులకూ ఏమీ తెలియదని చెప్పడానికే వాడుకున్నారు. వాళ్లకు శిక్షణ అక్కర్లేదని నేననను. వాళ్లకన్నా ముందు ఆ చదువు చదవాల్సింది మాలాంటివాళ్లం: స్వచ్ఛంద సంస్థల్లో, ప్రాజెక్టుల్లో, పథకాల్లో 'అభివృద్ధి' పేరుతో ఊళ్లు తిరిగేవాళ్లం. కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న సంస్థలో క్షేత్ర సమన్వయకర్తగా ఉన్నాను. ఉద్యోగం చేసుకుంటూనే గ్రామీణాభివృద్ధిలో దూరవిద్య డిప్లొమా పూర్తిచేశాను. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం.

అనంతపురం జిల్లాలో మా రంగం పెరిగిందే వాటర్‌షెడ్ల మీద, అంటే వాన నీటినీ మట్టినీ ఎక్కడికక్కడ నిలబెట్టే పనుల మీద. సీహెచ్ హనుమంతరావు కమిటీ సిఫార్సులతో తయారైన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఊరూరా ఒక వాటర్‌షెడ్ కమిటీ, దానికో బ్యాంకు ఖాతా, ఒక తీర్మానాల పుస్తకం. డబ్బు పంచాయతీ గడప తొక్కకుండా కమిటీకి చేరేది. 2003లో హరియాలి మార్గదర్శకాలు ఆ పనుల్ని గ్రామ పంచాయతీల చేతిలో పెట్టాయి. అప్పుడు సంస్థల్లో ఎంత అలజడి రేగిందో మా సీనియర్లు ఇప్పటికీ చెబుతారు. 'రాజకీయం చొరబడుతుంది' అన్నది వాళ్ల బాధ. ఓట్లతో గెలిచినవాళ్లు డబ్బు ఖర్చుపెడితే రాజకీయం, మేం ఎంపిక చేసిన పదిమంది ఖర్చుపెడితే ప్రజా భాగస్వామ్యం! 2008 ఉమ్మడి మార్గదర్శకాలతో కమిటీ మళ్లీ ముందుకొచ్చింది. కాకపోతే దాన్ని ఏర్పాటు చేయాల్సింది గ్రామసభ అన్నారు.

వాటర్‌షెడ్లతో ఆగలేదు. వన సంరక్షణ సమితి, 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘం, బడి కమిటీ, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య. మధ్యలో జన్మభూమి. ప్రతిదానికీ ఓ కారణం ఉంది. కొన్ని నిజంగా బాగా పనిచేశాయి, ముఖ్యంగా మహిళా సంఘాలు. కానీ ఊళ్లో తలకాయలు అవే, కమిటీలే వేరు. ఎవరు ఎవరికి లెక్క చెప్పాలో అడిగితే మాలో సగంమందికి జవాబు రాదు. ఈ కమిటీలు పంచాయతీకి ఏమవుతాయి, గ్రామసభకు ఏమవుతాయి అన్నదే మాకు మొదటి పాఠం కావాలి.

నేను చదివిన కోర్సులో అది లేదు. సంస్థ పేరు ఎందుకులెండి. పార్శిల్‌లో లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. 1957 బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1978 అశోక్ మెహతా కమిటీ, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ ముఖ్యాంశాలు. అసైన్‌మెంట్లూ అవే. 'చర్చించుము', 'విశదీకరించుము'. ఎవరో ఒకరు జవాబులు రాసి వాట్సాప్‌లో పెడితే మిగతావాళ్లం చేతిరాత మార్చి పంపేవాళ్లం. మార్కులు బాగానే వచ్చాయి. రాజస్థాన్ తర్వాత దేశంలో రెండో రాష్ట్రంగా 1959లో పంచాయతీరాజ్‌ను తెచ్చుకుంది ఆంధ్రప్రదేశ్. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి మన ఇల్లూరు మనిషి. అనంతపురం విద్యార్థికి పాఠం అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు కదా!

పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితా, అంటే రాజ్యాంగం 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయని బట్టీపట్టాం. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన అధికారం ఊరికి రాదని, రాష్ట్రం చట్టం చేసి, నిధులూ సిబ్బందినీ ఇస్తేనే వస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, రాబోయే ఏడాది పనులు, కొత్త పన్నుల ప్రతిపాదన గ్రామసభ ముందుకు రావాలి. నేను చూసిన చాలా గ్రామసభల్లో కార్యదర్శి పథకాల పేర్లు చదువుతారు, నలుగురు పింఛను అడుగుతారు, సాయంత్రం సంతకాల పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆడిట్ నివేదిక ఎక్కడుందని అడిగే మనిషి లేడు. మేమూ అడగం. ఫొటో తీసుకుని రిపోర్టులో అతికిస్తాం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు, ఫొటోలే. ఆ సభల ముందుకొచ్చిన ఉపాధి హామీ పనుల జాబితా మీద ఎంతమంది నోరు విప్పారన్నది అసలు ప్రశ్న.

పాఠ్యపుస్తకం నేర్పనిది రికార్డులు నేర్పుతాయి. కంబదూరు వైపు ఒక పంచాయతీలో ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్ (ఏ ఇంటికి ఎంత పన్నో రాసే పుస్తకం) చూశాను. పాత అట్ట, బైండింగ్ ఊడిపోయి దారం వేలాడుతోంది. అందులో 'మట్టి మిద్దె' అని ఉన్న ఇంటి ముందు నిలబడి చూస్తే రెండంతస్తుల స్లాబు, కింద ఎరువుల కొట్టు. పన్ను మాత్రం మట్టి మిద్దెదే. ఆ వరుసలో అలాంటివి ఇంకా ఉన్నాయి. పన్ను పెంచితే ఓట్లు పోతాయని సర్పంచికి భయం, వసూలుకు పోతే మాట పడాల్సి వస్తుందని కార్యదర్శికి భయం. వీధిలైట్ల, తాగునీటి మోటార్ల కరెంటు బిల్లు మాత్రం నెలనెలా కొత్త రేటుకే వస్తుంది. కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సుతో పంచాయతీలకు వచ్చే నిధుల్ని ఆ కరెంటు బకాయిల కింద సర్దేసినప్పుడు సర్పంచులు రాష్ట్రమంతా రోడ్డెక్కారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఆ కోపం వెనకున్న లెక్క అర్థం కావాలంటే మాత్రం ఆ దారం ఊడిన రిజిస్టర్ తిరగెయ్యాలి. స్థానిక సంస్థల ఆర్థిక వనరులు అనే అధ్యాయం ఇరవై పేజీలు చదివినా నాకు ఇంత తెలియలేదు.

అదే ఊళ్లో సభలో ఒక కుర్రాడు లేచి తమ వీధికి సిమెంటు రోడ్డు అడిగాడు. కార్యదర్శి 'ఫండ్స్ లేవు' అని కూర్చోబెట్టాడు. ఖాతాలో డబ్బుంది. అందులో ఎక్కువ భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు ఉన్న డబ్బు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం అలాంటిదే. ఆ మాట విడమరిచి చెబితే కుర్రాడు రోడ్డు పక్కన కాలువ అడిగేవాడేమో, అదైతే ఆ పద్దు కింద చేయొచ్చేమో చూసేవాళ్లు. పక్కన కూర్చున్న మా వాళ్లకైనా తెలిస్తే చెప్పేవాళ్లం.

డాంగిల్ (డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) సంగతి ఇంకో రకం. పంచాయతీ లెక్కల కేంద్ర పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్ వచ్చాక పంచాయతీ చెల్లింపులకు సర్పంచి డిజిటల్ సంతకం కావాలి. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకే. ఒక సర్పంచమ్మను అడిగాను, డాంగిల్ మీ దగ్గరే ఉందా అని. "నాకాడ యాడుంటాదక్కా, మా ఇంటాయన తీస్కపోయి ఆఫీసులోనే ఇచ్చినాడు. మెసేజ్ మాత్రం నా ఫోనుకొస్తాది" అంది. సొమ్మొకరిది సోకొకరిది. మెసేజ్ చూపించింది. ఎంత సొమ్ము పోయిందో ఉంది, ఎవరికి చెల్లించారో ఆమెకు తెలియదు. ఈ-గ్రామస్వరాజ్ సైట్‌లో తన పంచాయతీ ప్రణాళిక, చెల్లింపులు ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. మేమిద్దరం వాళ్లింటి అరుగు మీద కూర్చుని చూశాం. బ్లీచింగ్ పౌడర్ కొన్న చోట ఆమె వేలు ఆగింది. "ఈ సంచులు నేను చూడ్నేలేదే" అని లేచి భర్తను పిలిచింది. తర్వాత లోపల ఏం జరిగిందో నాకు అనవసరం. ఆమె ఇప్పుడు డాంగిల్ కొంగున కట్టుకుని తిరుగుతోంది.

అభివృద్ధి ఉద్యోగికి ఇలాంటి గంట నేర్పేది ఏ గైడూ నేర్పదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక మా ఊళ్లలో జనం పంచాయతీ అనడమే తగ్గించి 'సచివాలయానికి పోతాండా' అంటున్నారు. ఆ సిబ్బంది మీద సర్పంచికి అజమాయిషీ ఎంతవరకు అన్న గొడవ రోజూ వింటున్నాం. నా పుస్తకాల్లో ఆ ఊసే లేదు. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. పనుల ఎంపికా సామాజిక తనిఖీ గ్రామసభవేనని ఆ చట్టంలో రాశారు. అంత దగ్గరున్న పాఠాన్ని వదిలేసి ఎక్కడో ఉత్తరాది ఊరి ఉదాహరణ ఇంగ్లీషులో చదివాం.

భాష మాటకొస్తే, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో గ్రామీణాభివృద్ధి ఎం.ఏ. ఇంగ్లీషు, హిందీల్లో ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ దూరవిద్యలో పీజీ డిప్లొమాలు నడుపుతూ వచ్చింది. దేశమంతటికీ పెట్టినవి కాబట్టి తెలుగు అడగడం అత్యాశ కావచ్చు. కానీ దూరవిద్యకు తెలుగునాట గొప్ప చరిత్రే ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. దానికీ, 1985లో ఇగ్నోకూ మొదటి ఉపకులపతి ఒకరే: ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. ఆయన పరిశోధించిన రంగం ఏదనుకున్నారు? పంచాయతీరాజ్. ఆ మనిషి పుట్టిన భాషలో, ఆయన చదివిన విషయం మీద, ఆయన తెచ్చిన పద్ధతిలో ఒక మంచి కోర్సు కోసం నాలాంటివాళ్లు ఇంకా వెతుక్కుంటున్నారు. మా ఫీల్డ్ సిబ్బందిలో ఎక్కువమంది తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవాళ్లు. ఊళ్లో అన్నీ తెలుగులో మాట్లాడి, రాత్రికి ఇంగ్లీషులో అసైన్‌మెంట్ రాయమంటే వాట్సాప్ జవాబులే దిక్కవుతాయి. కేరళలో 1996లో స్థానిక ప్రణాళికల్ని జనంతోనే తయారుచేయించే ప్రజా ప్రణాళిక మొదలైనప్పుడు శిక్షణంతా మలయాళంలోనే సాగింది. చెప్పేవాళ్లు బడి పంతుళ్లు, రిటైరైన ఇంజినీర్లు.

మన దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గ్రామీణాభివృద్ధి విభాగం ఉంది. శ్రీకాళహస్తిలో విస్తరణ శిక్షణ కేంద్రం ఉంది. ఇద్దరూ కలిసి కూర్చుంటే కోర్సు రాయడం పెద్ద పనేమీ కాదని నా నమ్మకం. చేరిన ప్రతి విద్యార్థికీ తను పనిచేసే మండలంలో ఒక పంచాయతీని అప్పగించండి. ఏడాది పొడవునా అదే వాళ్ల పాఠ్యపుస్తకం. నగదు పుస్తకం, డిమాండ్ రిజిస్టర్, గ్రామసభ తీర్మానాలు, ఆడిట్ అభ్యంతరాలు. రికార్డు చూపించడానికి కార్యదర్శులు నసిగితే సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రాయడం కూడా ఒక అసైన్‌మెంటే చేయండి! దూరవిద్యలో ముఖాముఖి జరిగే కాంటాక్ట్ క్లాసులు జిల్లా కేంద్రంలో ఏసీ హాల్లో వద్దు. కుందుర్పి నుంచో బ్రహ్మసముద్రం నుంచో ఆదివారం పొద్దున బస్సెక్కి అనంతపురం చేరేసరికి మొదటి క్లాసు అయిపోతుంది, ఆడవాళ్లకు తిరుగు బస్సు ఇంకో బెంగ. మండల పరిషత్ హాలు ఆదివారం ఖాళీగానే ఉంటుంది. పాఠం చెప్పడానికి ప్రొఫెసర్‌తోపాటు రిటైరైన ఒక విస్తరణాధికారిని, మాజీ సర్పంచిని పిలవండి. మాజీ సర్పంచులు మొహమాటం లేకుండా చెబుతారు, పదవిలో ఉన్నవాళ్లు చెప్పరు.

చివరిగా ఒక చిన్న విన్నపం, కోర్సు క్యాలెండర్ తయారుచేసేవాళ్లకు. రికార్డులు చూడాల్సిన అసైన్‌మెంట్ మార్చిలో పెట్టకండి. పన్ను వసూళ్లు, ఏడాది లెక్కల ముగింపుతో ఆ నెల కార్యదర్శి ఎవరికీ దొరకడు, దొరికినా కసురుకుంటాడు. మే నెలైతే లెక్కలు కట్టేసి ఉంటాయి, ఎండకు ఆయనా ఆఫీసు దాటి పోడు.

ఇట్లు,
ఒక క్షేత్ర సమన్వయకర్త,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)