పదును ఆరకముందే విత్తనం అందాలి: మెట్ట సేద్యానికి చట్టం కోరుతూ వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి దగ్గర ఒక పల్లెలో సేద్యం చేస్తాను. సొంతానికి నాలుగెకరాలు, కౌలుకు ఇంకో ఐదెకరాలు. ఉన్న ఒక్క బోరు ఎండిపోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు అంతా వాన మీదే. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. కరువును తట్టుకుని మెట్ట సేద్యం నిలబడడానికి మన శాసనసభ ఒక చట్టం చేయాలి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే 2023 ఖరీఫ్ దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది జూలై మొదట్లో వానకు నేల విత్తేంత తడిసి పదునైంది, శెనక్కాయ విత్తాం. మొలక బాగానే వచ్చింది. ఆగస్టు వచ్చాక రోజూ మబ్బు పట్టడం, గాలికి తేలిపోవడం. 1901 నుంచి లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. విత్తిన నలభై ఐదో రోజున చేలోకి పోయి ఒక చెట్టు పీకి చూశాను. పూత నిలిచింది, మట్టిలోకి దిగి కాయ కట్టే ఊడలు కూడా వచ్చాయి. కానీ నేల బండలా బిగుసుకుపోయింది. ఊడలు మట్టి దాకా దిగి, లోపలికి పోలేక మొనలు నల్లబడి ఎండిపోయాయి. ఆ చెట్టుకు పద్నాలుగు ఊడలుంటే మట్టిలోకి దిగినవి మూడు. అక్కడే గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

పక్క చేను అన్నకు పంట కుంట ఉంది. జూలై వానకు నిండిన నీళ్లు అడుగున కొంచెం మిగిలుంటే, ఇంజను పెట్టి స్ప్రింక్లర్లతో ఎకరంన్నర తడిపాడు. ఒకే ఒక్క తడి. ఆ ఎకరంన్నరలో కాయ అయింది. మాకు పశువుల మేతకు ఎండు కట్టె మాత్రమే మిగిలింది.

సెప్టెంబరు మొదట్లో ఒక మంచి వాన పడింది. కౌలు చేలో రెండెకరాలు అప్పటిదాకా విత్తలేదు. ఉలవలు వేద్దామని విత్తనాలిచ్చే చోటికి పోయాను. ఇంకా రాలేదు, కావాలని పైకి ఇండెంట్ పంపాం అన్నారు. మూడుసార్లు తిరిగాను. మా ఎర్ర నేలలో పదును నాలుగైదు రోజులకు మించి ఆగదు. విత్తనం వచ్చింది పన్నెండో రోజున. అప్పటికి విత్తే గొర్రు నేలలోకి దిగదు. ఆ రెండెకరాలు బీడుగానే పోయాయి, కౌలు మాత్రం కట్టాను. అక్కడ పనిచేసే అమ్మాయిని నేను తప్పు పట్టను. ఏ విత్తనం, ఎంత, ఏ తేదీకల్లా నిల్వ ఉండాలో చెప్పే కాగితం ఆమె చేతిలోనూ లేదు.

అయ్యా, ఏం చేయాలో తెలియక ఇలా జరగడం లేదు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా, దేశంలో దాదాపు ప్రతి జిల్లాకూ ప్రత్యామ్నాయ ప్రణాళిక రాసిపెట్టింది. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏం వేయాలి, నాలుగు వారాలైతే ఏం వేయాలి, మధ్యలో వాన ఆగి బెట్ట వస్తే ఏం చేయాలి అన్నీ అందులో ఉన్నాయి. మా కదిరి పరిశోధన కేంద్రం నుంచే కె-6, కదిరి లేపాక్షి లాంటి శెనక్కాయ రకాలు వచ్చాయి. ప్రణాళిక కాగితం మీద ఉంది, విత్తనం గోదాములో లేదు. ఎందుకంటే ఆ ప్రణాళికను అమలు చేసి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు.

ఇక కరువు ప్రకటన సంగతి. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరువును అక్టోబరు 30లోగా ప్రకటించాలి. 2023లో దాదాపు ఆ సమయానికే మన రాష్ట్రంలో 103 కరువు మండలాల జాబితా వచ్చింది. కానీ జూలైలో విత్తిన శెనక్కాయ అక్టోబరు చివరికల్లా పీకేస్తాం. అంటే చేను ఖాళీ అయ్యాక, ఇక్కడ కరువు ఉందని జీవో వస్తుంది. ఆ తర్వాత ఇచ్చే పెట్టుబడి రాయితీ వచ్చే ఏడాది అప్పులోకి పోతుంది తప్ప, ఎండిన చెట్టుకు ఒక్క కాయ కూడా పట్టించలేదు. కేంద్రం 2022లో ఖరారు చేసిన లెక్క ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అంటే ఎకరాకు సుమారు 3,400. మాకు ఎకరాకు మూడు మూటల విత్తనం కావాలి. ఆ డబ్బు దానికే చాలదు.

ఒక పోలిక చెప్తాను, కోపం తెచ్చుకోకండి. కాలువ కింద రైతుల కోసం 1997లోనే సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది, నీటి సంఘాలు ఏర్పడ్డాయి. ఆ చట్టం ఎంత బాగా నడిచిందన్నది వేరే మాట. కనీసం నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలో ఆ రైతుకు తెలుసు. వాన తప్పితే ఎవరిని అడగాలో మెట్ట రైతుకు తెలియదు. బోర్ల విషయానికొస్తే నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉంది. బోరు వేయాలంటే రిజిస్ట్రేషన్, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు వేయకూడదు లాంటి నిబంధనలు అందులో ఉన్నాయి. మా ఊళ్లో బోరు బండి రాత్రి పూట వస్తుంది, తెల్లారేసరికి వెళ్లిపోతుంది. వద్దనడానికే రాసిన చట్టం అలాగే నడుస్తుంది. ఉన్న నీళ్లు ఎంతో లెక్కేసి, అందరూ పంచుకునే పనిని అది రైతుల చేతికి ఇవ్వలేదు.

అది చేసి చూపించిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఏడు జిల్లాల్లో, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే వాన కొలిచి, బోర్లలో నీటి మట్టం కొలిచి, ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లు ఏ పంటకు ఎంత సరిపోతాయో పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. అనంతపురం వైపు కొన్ని ఊళ్లలో బోరున్న వాళ్లు, లేని వాళ్లు కలిసి పైపులైన్లు వేసుకుని, కొత్త బోరు వేయబోమని రాసుకుని, బెట్ట వచ్చినప్పుడు అందరి చేలకూ ఒక తడి ఇచ్చుకున్నారు. ఇవన్నీ ప్రాజెక్టులుగా వచ్చాయి. ప్రాజెక్టు గడువు తీరితే ఆఫీసు మూతపడుతుంది, కరువు మాత్రం మళ్లీ వస్తుంది. 2016లో శెనక్కాయను కాపాడడానికి, వానలా నీళ్లు చిమ్మే రెయిన్ గన్లు కూడా తెచ్చారు. రెయిన్ గన్ను వారంలో లారీ మీద తెప్పించుకోవచ్చు, నీళ్లను అలా తెప్పించుకోలేం. కుంట ముందే తవ్వి ఉండాలి.

అందుకే ఈ చట్టంలో అన్నిటికంటే ముందు రావాల్సింది తేదీ. పంట వేశాక ఏ మండలంలోనైనా వరుసగా మూడు వారాలు వాన లేకపోతే, ఎవరి ప్రకటన కోసమూ ఎదురుచూడకుండా పనులు వాటంతటవే మొదలవ్వాలి. కుంటల్లో, చెరువుల్లో ఉన్న నీళ్లతో రక్షక తడికి ఇంజన్లు, పైపులు అద్దె లేకుండా ఇవ్వాలి. పశువులకు మేత రావాలి, పంట రుణం కిస్తీ ఆగాలి. మొత్తం వాన లెక్క చూసి సరిపెట్టుకోకూడదు. అనంతపురానికి ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దాకా చెప్తారు. 2021 నవంబరులో మా వైపు వరదలొచ్చాయి. ఆ నీళ్లను కూడా కలిపి సగటు తీస్తే కాగితం మీద కరువే ఉండదు. ఊడలు దిగే వారంలో వాన పడిందా లేదా అన్నదే చూడాలి.

విత్తనం గురించి ఇంకో మాట. క్రిడా ప్రణాళికలో రాసిన ఉలవ, కొర్ర, జొన్న, అలసంద విత్తనాలు ప్రతి మండలంలో జూన్ 1 కల్లా నిల్వ ఉండాలని, వాన పడ్డ నాలుగు రోజుల్లో రైతు చేతికి అందాలని చట్టంలోనే రాయండి. ఆ ఏడాది వాడకం పడకపోతే నష్టం ప్రభుత్వం భరించాలి. అది పెద్ద నష్టమేమీ కాదు. అమ్ముకోవడం మాత్రం పెద్ద సమస్యే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే ఖరీఫ్ పంటల్లో కొర్ర లేదు, ఉలవ లేదు. శెనక్కాయ మానేసి కొర్ర వేయండని 2023లో చిరుధాన్యాల సంవత్సరం పేరుతో మాకు చాలా చెప్పారు. వేసినవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని వ్యాపారి చుట్టూ తిరిగారు. మీరు వేయమన్న పంటను మీరే కొంటామన్న హామీ చట్టంలో ఉంటే, మేం శెనక్కాయను పట్టుకుని వేలాడం.

కౌలు రైతు మాట రాయకుండా ముగించలేను. 2019 చట్టం కింద పదకొండు నెలల సాగు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. మా భూయజమాని బెంగళూరులో ఉంటాడు. మంచివాడే. కానీ సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన టెన్షన్. ఆయన్ని బలవంతపెట్టలేను, భూమి ఇవ్వనంటే నాకు ఐదెకరాలు పోతాయి. ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-పంటలో ఎవరి పేరున సాగు నమోదైందో వాళ్లకే కరువు సాయం అందాలని కొత్త చట్టంలో ఒక్క వాక్యం రాస్తే మాలాంటివాళ్లం లెక్కలోకి వస్తాం.

ఈ పనికి డబ్బు ఎక్కడిదని మీ ఆర్థిక శాఖ వాళ్లు అడుగుతారు. ప్రతి కరువుకూ ఆ తర్వాత పంచే డబ్బులో కొంత భాగం ముందే ఖర్చుపెట్టమని మా మనవి. ఎంత భాగమన్నది మీకే తెలియాలి.

ముసాయిదాను దయచేసి తెలుగులో పెట్టండి. మా ఊళ్లో సాయంత్రం గుడి అరుగు మీద కూర్చుంటాం. చదివించుకుని, ఏది పనికొస్తుందో ఏది రాదో మా మాటల్లో రాసి పంపుతాం. మృగశిర కార్తె లోపు పెడితే మంచిది. ఆ తర్వాత అందరం చేలల్లో ఉంటాం.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా