ముక్కు కుట్టే సూదికీ ఒక నిబంధన ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పరీక్షలు ముగిసి సెలవులు మొదలయ్యేసరికి మా ఊళ్లో బంగారు దుకాణాలకూ, ఫ్యాన్సీ షాపులకూ, ఈమధ్య వీధికొకటి చొప్పున వెలసిన టాటూ షాపులకూ పదహారు పదిహేడేళ్ల పిల్లల తాకిడి పెరుగుతుంది. ముక్కు కుట్టించుకోవాలని కొందరు, చెవికి రెండో కుట్టో మూడో కుట్టో వేయించుకోవాలని మరికొందరు వస్తారు. పసితనంలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించిన సంగతి ఏ పిల్లకూ గుర్తుండదు కనుక, ఊహ తెలిశాక ఒంటి మీద పడే మొదటి కుట్టు ఇదే అవుతుంది. మగపిల్లల్లో చాలామందికైతే నిజంగానే ఇది మొదటిది. ప్రభుత్వ ఆసుపత్రిలో, అందులోనూ చెవి ముక్కు గొంతు విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, కుట్టించుకున్న తరువాత ఏమేమి జరగవచ్చో దగ్గరగా చూసిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కుట్టే చోట పాటించవలసిన శుభ్రతకు మన పురపాలక సంఘాలు ఒక నిబంధన పెట్టాలనీ, భయపడుతూ వచ్చిన పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పడం దుకాణదారు బాధ్యత కావాలనీ నా విన్నపం.

ఈమధ్య గొలుసుకు హుక్కు వేయించుకోవడానికి ఒక దుకాణానికి వెళ్లి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఇంటర్ చదివే పిల్ల ఒకతె, తల్లితో కలిసి ముక్కు కుట్టించుకోవడానికి వచ్చింది. అరచేతులు మాటిమాటికీ చున్నీకి తుడుచుకుంటోంది. కుట్టే కుర్రవాడు సొరుగులోంచి, స్ప్రింగుతో దుద్దు దూర్చే గన్ తీసి, దాని మొనను స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి దగ్గరకు రాగానే, “అన్నా, ఇది ఇందాక ఎవరికైనా వాడారా?” అని అడిగింది. అతను నవ్వి, “రోజూ ఎంతమందికి కుడతామో తెలుసా పాపా, ఎవరికీ ఏమీ కాలేదు” అన్నాడు. “ఊరుకోవే, కుట్టించుకుంటానని గోల చేసింది నువ్వేగా, ఇప్పుడీ ఆరాలేమిటి?” అని తల్లి గదిమింది. టప్పుమని చప్పుడైంది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి నాలుగడుగులు వేసిందో లేదో, ముఖం పాలిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి, గల్లాపెట్టె పక్కనే కూలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు రెక్క పట్టుకుని లేపబోతుంటే వారించి, అక్కడే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద స్టూలు పెట్టించాను. కాసేపటికి తేరుకుంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదట.

ఇలా కళ్లు తిరిగి పడిపోవడాన్ని పిరికితనమని నవ్వుకునేవారు ఉన్నారు. భయమూ నొప్పీ ఒక్కసారిగా కలిసినప్పుడు కొందరిలో గుండె వేగం తగ్గి, రక్తపోటు పడిపోయి, మెదడుకు చేరే రక్తం కాసేపు తగ్గుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. కడుపులో ఏదైనా పడ్డాక తీసుకురావడం, కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టడం, ఏం చేయబోతున్నారో ముందుగా ఒక్క మాట చెప్పడం, కుట్టిన తరువాత వెంటనే లేవనివ్వకుండా పది నిమిషాలు కూర్చోబెట్టడం వంటి పైసా ఖర్చు లేని జాగ్రత్తలతో చాలావరకు దీన్ని తప్పించవచ్చు. ఆ పిల్ల పడిపోయినందుకు నేను పెద్దగా కంగారుపడలేదు గానీ, ఆమె అడిగిన ప్రశ్న నవ్వులో కొట్టుకుపోయినందుకు మాత్రం మనసు చివుక్కుమంది. నర్సింగులో చేరిన కొత్తలో మాకు నూరిపోసిన ప్రశ్న అదే.

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతకగలదు. హెపటైటిస్ సి కి ఇప్పటికీ టీకా లేదు. ఒకరి రక్తం అంటిన పరికరం మరొకరి చర్మంలోకి దిగితే ఈ రెండూ, హెచ్ఐవీ కూడా, సోకే వీలుంది. కంటికి రక్తం కనిపించలేదు కదా అనడానికి లేదు, ఎందుకంటే మరక కనిపించనంత కొద్దిపాటి రక్తం చాలు. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే పైపై మురికి పోతుందే తప్ప క్రిములన్నీ చావవు. ఆసుపత్రిలో పరికరాలను ఆటోక్లేవ్‌లో, ఒత్తిడితో కూడిన ఆవిరిలో, 121 డిగ్రీల వేడి దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచుతాము. షాపుల్లో వాడే గన్‌లలో చాలావాటికి ప్లాస్టిక్ భాగాలుంటాయి కాబట్టి ఆ వేడికి అవి ఆగవు. పైగా గన్ చేసే పని కుట్టడం కూడా కాదు, మొద్దు మొన ఉన్న దుద్దును స్ప్రింగు బలంతో కండలోకి దూర్చడం. ఒకసారి వాడి పారేసే బోలు సూది సన్నగా, నున్నగా కోసుకుంటూ పోతుంది. ఆ సూది సీలు వేసిన ప్యాకెట్‌లో వస్తుంది, మన కళ్లెదుటే విప్పవచ్చు. ఇంజెక్షన్ చేసేటప్పుడు కొత్త సిరంజి విప్పమని అడగడం పల్లెటూళ్లలో కూడా అలవాటైపోయింది. ముక్కు కుట్టే చోట అదే మాట అడిగిన పిల్ల మాత్రం ఆరాలు తీస్తున్నదవుతుంది.

చెవి తమ్మెకు వేసే కుట్టుకూ, పై చెవికి వేసే కుట్టుకూ ఉన్న తేడా ఇంకా పెద్దది. పై చెవి కుట్టు విదేశీ మోజు అనేవారికి మన అమ్మమ్మల బావిలీలను గుర్తుచేయవలసి ఉంటుంది. ఆ మోజు సంగతి అటుంచితే, తమ్మె అంతా మెత్తటి కండ, రక్తప్రసారం బాగా ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానిపోతుంది. పై చెవిలో ఉండేది మృదులాస్థి, దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన అంటుకుని ఉన్న పల్చని పొర ద్వారానే దానికి పోషణ అందుతుంది. అక్కడి కుట్టు మానడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. అక్కడ చీము పడితే పొర ఊడి, లోపలి మృదులాస్థి చచ్చిపోయి, చెవి ముడుచుకుపోయి ఆకారం చెడుతుంది. చెడిన ఆకారాన్ని సరిచేయాలంటే ప్లాస్టిక్ సర్జరీయే దిక్కు, అప్పటికీ మునుపటి చెవి రాదు. తమ్మె మామూలుగానే ఉండి, పై భాగం మాత్రం ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అలాంటి చెవితో మా విభాగానికి వచ్చిన పిల్లల్లో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అమాక్సిసిలిన్ బిళ్లలు మింగి ఉండేవారు. ఈ చీముకు ఎక్కువగా కారణమయ్యే సూడోమోనాస్ అనే బాక్టీరియా మీద ఆ మందు పనిచేయదు. 2000లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకే దుకాణంలో పై చెవి కుట్టించుకున్న పలువురికి ఈ బాక్టీరియా సోకింది. ఆరా తీస్తే, క్రిములను చంపడానికని వాళ్లు చల్లుతున్న మందు సీసాలోనే అది చేరి ఉందని తేలింది.

పాత పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా చిన్నతనంలో కంసాలి తాత ఇంటికే వచ్చి, మనం ఇచ్చిన బంగారంతో సన్నని తీగ లాగి, దాని మొననే పదును చేసి, ఆ తీగతోనే కుట్టి అక్కడికక్కడే చుట్టేసేవాడు. ఒకరి చెవికి దిగిన తీగ ఇంకొకరి చెవికి పోయే ప్రసక్తే లేదు. ఆయన చేతులకూ పట్టకారుకూ ఉన్న మురికిని నేను వెనకేసుకురావడం లేదు, ధనుర్వాతం భయం అప్పుడూ ఉండేది. కానీ ఆధునికమని మనం మెచ్చుకుంటున్న గన్ రోజంతా ఎందరి చర్మాన్నో తాకుతుంది, ఆ ఒక్క విషయంలో తాత పద్ధతే నయం. కుట్టిన తరువాత పసుపూ కొబ్బరినూనే కలిపి రాయడం, దుద్దును రోజూ తిప్పడం, రంధ్రంలో వేపపుల్ల పెట్టడం మాత్రం మానవలసిందే. చేతులు కడుక్కుని, మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో రెండు పూటలా తుడిస్తే చాలు. దుద్దును తిప్పిన ప్రతిసారీ లోపల మానుతున్న చర్మం మళ్లీ చిరుగుతుంది.

వాడే లోహం గురించి అడిగేవారు మరీ తక్కువ. చవక దుద్దుల్లో ఉండే నికెల్ వల్ల దురద, రసి కారడం మొదలవుతాయి, ఒకసారి నికెల్ పడకపోవడం మొదలైతే అది జీవితాంతం ఉంటుంది. బంగారమే కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2021 జూన్ నుంచి, బంగారం స్వచ్ఛతను తెలిపే హాల్‌మార్క్ ముద్రను తప్పనిసరి చేసినా, 2 గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది, ముక్కుపుడకలూ చిన్న దుద్దులూ దాదాపు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అంటే నగల్లోకెల్లా పచ్చిగాయంలో ఉండవలసిన నగకే ముద్ర అక్కర్లేదన్నమాట!

ఇందులో ప్రభుత్వానికి తెలియనిదేమీ లేదు. రక్తదానానికి వెళ్లినవారిని ఈమధ్య ఒంటి మీద ఎక్కడైనా కుట్టించుకున్నారా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా అని అడుగుతారు. ఔనంటే జాతీయ మార్గదర్శకాల ప్రకారం 12 నెలల పాటు వారి రక్తం తీసుకోరు. రక్తనిధి గుమ్మం దగ్గర అంత జాగ్రత్త పడే వ్యవస్థ, ఆ కుట్టు వేసే దుకాణం గుమ్మం దగ్గర మాత్రం మాట్లాడదు. ఈ పనికంటూ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఇంగ్లండులో 1982లోనే చట్టం చేసి, చెవులు కుట్టేవారినీ పచ్చబొట్లు వేసేవారినీ నమోదు చేసే అధికారాన్నీ, వారి శుభ్రతకు నియమాలు పెట్టే అధికారాన్నీ స్థానిక సంస్థలకు ఇచ్చారు. మనకు అంత దూరం పోనవసరం లేదు. వ్యాపార అనుమతి ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు పురపాలక ఆరోగ్యాధికారి కొన్ని షరతులు పెడితే చాలు. మనిషికొక కొత్త సూది వాడాలి, దాని ప్యాకెట్ కుట్టించుకునేవారి ఎదుటే విప్పాలి, ముక్కుకూ పై చెవికీ గన్ వాడకూడదు, వాడిన సూదిని ఆసుపత్రుల్లో లాగే గుచ్చుకోని తెల్లడబ్బాలో వేయాలి. ఈ చివరిది పారిశుద్ధ్య కార్మికుల కోసం. షాపు చెత్తబుట్టలో పడిన సూది తెల్లవారితే గుచ్చుకునేది వాళ్ల చేతులకే. ఈ సూదుల ఖర్చు ఎంతో పెద్దదని దుకాణదారులు అనలేరు, కుట్టినందుకు తీసుకునే డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

తల్లిదండ్రులకు ఒక్క సంగతి చెప్పాలి. పిల్లలు అడిగినప్పుడు వద్దని కసిరితే చాలామంది మానరు, స్నేహితులతో కలిసి జాతరలో బల్ల వేసుకుని కూర్చున్నవాడి దగ్గరకు పోతారు. మగపిల్లవాడు చెవి కుట్టించుకుంటే “ఆడంగి వేషాలు” అని తిట్టే తండ్రులు, తమ తాతలు చెవులకు పోగులు పెట్టుకుని తిరిగిన సంగతి మరిచిపోతున్నారు. ఆ తిట్లకు భయపడి, చీము పట్టిన చెవిని జుట్టు కింద దాచుకుని వారం గడిపి వచ్చిన అబ్బాయిని నేను చూశాను. మధుమేహం, రక్తస్రావ సమస్యలు, గుండె కవాట జబ్బులు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి, ఇంట్లో ఎవరికైనా గాయం మానిన చోట కండ గట్టిగా ఉబ్బే కీలాయిడ్ లక్షణం ఉంటే మరోసారి ఆలోచించుకోవాలి. జాతీయ టీకాల పట్టికలో 10 ఏళ్లకూ 16 ఏళ్లకూ టీడీ ఇంజెక్షన్ ఉంది, ధనుర్వాతానికి అదే రక్ష, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. ముక్కు కుట్టించుకోవాలనే ముచ్చట పుట్టే వయసూ పదహారే కాబట్టి, దుకాణానికి వెళ్లేముందు ఆ టీకా పడిందో లేదో, హెపటైటిస్ బి టీకాలు మూడూ పూర్తయ్యాయో లేదో ఇంట్లోని కార్డు తీసి చూడవలసిందిగా కోరుతున్నాను. మా జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు, పురపాలక కమిషనర్లు వచ్చే సెలవులకు ముందే పైన చెప్పిన షరతులను అమలులోకి తేవాలనీ, “కొత్త సూది చూపించమని అడగండి” అని రాసిన బోర్డును ప్రతి దుకాణంలో కుట్టే కుర్చీకి ఎదురుగా పెట్టించాలనీ మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
గుంటూరు జిల్లా