జీన్ టెస్ట్ సరే, రిపోర్ట్ చెప్పేదెవరు?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు విశాఖలో బీఆర్‌సీఏ (లోపం ఉంటే ఈ క్యాన్సర్ ముప్పు పెంచే జీన్) టెస్ట్ రాస్తున్నారు గానీ, ఆ రిపోర్ట్‌ను అర్థమయ్యేలా చెప్పేవాళ్లే కరువు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అక్క చేతిలో పది పేజీల ఇంగ్లిష్ కాగితాలు పెట్టి, 'పాథోజెనిక్' (జబ్బు తెచ్చే మార్పు) అన్న మాట కింద పెన్నుతో గీత గీసి నెల తర్వాత రమ్మన్నారు, అంతే. తెగిన డీఎన్ఏను అతికించే జీన్‌లోనే లోపం ఉందని, అది కూతురికైనా కొడుకుకైనా వచ్చే అవకాశం 50 శాతమని మాకు తెలిసేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా అక్క కూతురు క్రిస్పర్ (జీన్‌ను కత్తిరించి మార్చే పద్ధతి) వీడియోలు చూసి 'ఆ జీన్ కత్తిరించేస్తారట కదా పిన్నీ' అంటోంది, ఈ లోపానికి అలాంటి చికిత్స ఇంకా రాలేదని దానికి ఎలా చెప్పను? ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది కదా, అక్కడ చదివినవాళ్లకు శిక్షణ ఇచ్చి కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి (కేజీహెచ్)లో వారానికి ఒక్కరోజైనా తెలుగులో కౌన్సెలింగ్ ఓపీ నడపాలి.

– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం