లాంచీలో పరికరాలున్నాయి, వాటి మధ్య మాటల్లేవు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. పదిహేనేళ్లు నౌకాదళంలో ఎలక్ట్రికల్ పని చేసి, విశాఖ నుంచి ఇటొచ్చి, రాణిగంజ్ సందుల్లో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. సముద్రం లేని ఊళ్లో బోటు రిపేరేమిటని మా బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతాడు. కానీ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల వెంట తిరిగే రెస్క్యూ బోట్ల దగ్గర్నుంచి జలాశయాల్లో తిరిగే పెద్ద లాంచీల దాకా నాకు పని దొరుకుతూనే ఉంది. ఈ ఉత్తరం ఆ పనిలోంచి పుట్టిందే. నేను డబ్బులు అడగడం లేదు. మీ టెండరు కాగితాల్లో ఒక్క పేజీ చేర్చమని అడుగుతున్నాను.

కిందటి కార్తీకంలో ఒక జలాశయం నుంచి ఫోనొచ్చింది. ఏ జలాశయమో, లాంచీ ఎవరిదో చెప్పను. చెబితే దాన్ని నడిపే సరంగు ఉద్యోగం పోతుంది, తప్పు చూస్తే అతనిది కాదు. "సారూ, లోతు సూపెడ్తలేదు. మూణ్ణెల్ల సంది అడ్డగీతలే వస్తున్నయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా జెట్టీ దగ్గరున్నాను. లాంచీ కొత్తది. సరంగు ముందు తొమ్మిదంగుళాల రంగుల తెర, పక్కన ఒడ్డుతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, పైకప్పు మీద జీపీఎస్ యాంటెన్నా, అడుగున లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్. దేనికది విడిగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. తెర మీద లోతు కనిపించాల్సిన చోట మాత్రం మూడు గీతలు. రేడియో మూలన జీపీఎస్ అందడం లేదన్న గుర్తు మినుకుమినుకుమంటోంది. ఆఫీసులో ఫైలు తీయించి చూశాను. జీపీఎస్ ఉంది. ఎకో సౌండర్, అంటే లోతు కొలిచే పెట్టె, ఉంది. వీహెచ్‌ఎఫ్ ఉంది. టిక్కు, టిక్కు, టిక్కు.

ఉన్నమాట నిజమే. ఆస్తి తగాదా పడిన అన్నదమ్ములు కూడా ఒకే ఇంట్లోనే ఉంటారు.

అయ్యా, ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు. మీకు విసుగనిపిస్తే ఈ భాగం మీ ఇంజనీర్లకు ఇవ్వండి. పడవల్లో పరికరాలు ఒకదానికొకటి సమాచారం అందించుకోవడానికి పాత పద్ధతి ఎన్‌ఎంఈఏ 0183. మేం పొట్టిగా 'నీమా' అంటాం. అమెరికాలో పడవల ఎలక్ట్రానిక్స్ సంఘం 1983లో తెచ్చింది. అది దండోరా లాంటిది. ఒకడు చాటుతాడు, మిగతావాళ్లు వింటారు. విన్నవాడు అదే తీగ మీద జవాబు చెప్పడానికి లేదు. 'ఫలానా చోట ఉన్నాం' అని జీపీఎస్ చాటుతుంటే తెరా రేడియో వింటుంటాయి. వేగం సెకనుకు 4800 బిట్లు. ఓడలు తమ ఉనికిని చాటుకునే ఏఐఎస్ పెట్టె మాత్రం 38400 వేగంతో మాట్లాడుతుంది. దాన్ని వినేదాన్ని 4800 దగ్గరే వదిలేస్తే ఒక్క ముక్కా అర్థం కాదు. తీగలు రెండు, ఏ అని, బీ అని. చాటేవాడి ఏ వినేవాడి ఏకి, బీ బీకి కలపాలి. తారుమారైతే మామూలుగా ఏదీ కాలిపోదు, పొగ రాదు, ఫ్యూజు ఎగరదు. అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు. పైగా తీగల రంగులకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక పద్ధతంటూ లేదు. ఒకరి పసుపు తీగ పంపేది, ఇంకొకరి పసుపు తీగ వినేది. ఇంట్లో ఫ్యాన్లు బిగించే మిస్త్రీ రంగుకు రంగు కలిపి వెళ్లిపోతాడు. అతన్ని అని లాభం లేదు, మాన్యువల్ పుస్తకం అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు.

కొత్త పద్ధతి ఎన్‌ఎంఈఏ 2000. ఇది రచ్చబండ. లాంచీ పొడుగునా ఒక వెన్నెముక తీగ వెళుతుంది, దానికి కొమ్మల్లా పరికరాలు తగులుకుంటాయి. అందరూ మాట్లాడొచ్చు, అందరూ వినొచ్చు. కార్లలో ఉండే క్యాన్ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. వేగం సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే, ముఖ్యమైన మాట ఉన్నవాడికి దారిచ్చి రెండోవాడు ఆగుతాడు. మా ఊరి రచ్చబండలో ఈ మర్యాద నేనింకా చూడలేదు. లోపల ఐదు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. తెలుపు, నీలం మాటలకి. ఐదోది కవచం, దాన్ని ఒక్కచోట మాత్రమే గ్రౌండు చేయాలి. వెన్నెముక నుంచి పరికరానికి వెళ్లే కొమ్మ తీగ ఆరు మీటర్లు దాటకూడదు.

ఆ వెన్నెముకకు రెండు చివర్లా 120 ఓముల టెర్మినేటర్, అంటే తీగ కొసన బిగించే చిన్న నిరోధకం, ఒక్కొక్కటి తప్పనిసరి. ఎందుకో మన ఊరివాళ్లకు చెప్పడం తేలిక. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. పిల్లలు పదేపదే కొట్టి మురిసిపోతారు. కోటలో అది వింత, తీగలో అదే రోగం. చివర టెర్మినేటర్ లేకపోతే అన్న మాట వెనక్కి మళ్లి, వెనకాలే వస్తున్న మాట మీద పడుతుంది. రెండూ చెడతాయి.

ఇది పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కరెంటు ఆపేసి, తెలుపు నీలం తీగల మధ్య మీటరు పెడితే 60 ఓములు రావాలి. 120 వచ్చిందా, ఒక టెర్మినేటర్ లేదు, లేదా వెన్నెముక తీగ మధ్యలో తెగింది. 40 వచ్చిందా, తెలివి ఎక్కువైన ఎవరో మూడోది తగిలించారు. అసలు ఏమీ చూపించకపోతే రెండూ లేనట్టు, లేదా మీటరు పెట్టిన కొమ్మ తీగే తెగినట్టు. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. మీటరు కోఠి గుజరాతీ గల్లీలో ఐదారు వందలకు దొరుకుతుంది.

ఆ లాంచీలో నాకు 120 వచ్చింది. వెనక ఇంజను గది పక్కకు పాక్కుంటూ వెళ్లి చూస్తే, టెర్మినేటర్ ఉండాల్సిన చోట నల్లటి మూత బిగించి ఉంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. మూత దుమ్మూ తడీ ఆపుతుంది, అంతే. అమర్చిన మనిషి డబ్బాలో చేతికందింది బిగించి, బిల్లు పాస్ చేయించుకుని వెళ్లాడు. నా సంచిలోంచి టెర్మినేటర్ తీసి పెట్టాను. 60 వచ్చింది. రేడియోలో జీపీఎస్ గుర్తు నిలబడింది.

లోతు మాత్రం ఇంకా పలకలేదు. సౌండర్ పెట్టెను వెతికి చూస్తే అది పాత లాంచీ నుంచి పీకి తెచ్చింది. దానికి 0183 తప్ప ఇంకో భాష రాదు. మధ్యలో ఒక కన్వర్టర్, అంటే దుబాసీ. సౌండర్ తీగలకు ల్యాప్‌టాప్ తగిలించి 4800 దగ్గర విన్నాను. డాలరు గుర్తుతో మొదలవ్వాల్సిన వాక్యాల బదులు గవ్వలు విసిరినట్టు ఏవేవో గుర్తులు. ఏ, బీ తీగలు మార్చాను. వాక్యాలు వరసగా దిగడం మొదలుపెట్టాయి. ఒక్కోదాని చివర నక్షత్రం, దాని వెనక తప్పొప్పులు సరిచూసుకునే రెండు అక్షరాలు. అటుపక్క కన్వర్టర్ దగ్గరా అదే వరస సరిచేశాను. తెర మీద 11.4 మీటర్లు పడింది. సరంగు నన్ను నమ్మలేదు. రాయి కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, మూరలు లెక్కపెట్టి, అప్పుడు టీ చెప్పాడు.

టీ తాగి ఇంజను స్టార్ట్ చేయమన్నాను. సెల్ఫ్ కొట్టగానే తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది. వెన్నెముకకు కరెంటు స్టార్టర్ బ్యాటరీ నుంచే లాగారు. అదీ తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి. మన ఎండకు టేపు జిగురు కారిపోయి జారింది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టింది. ఈ పద్ధతికి 9 నుంచి 16 వోల్టుల మధ్య కరెంటు నిలకడగా అందాలి. సెల్ఫ్ మోటారు గుంజేటప్పుడు చిలుము పట్టిన అతుకు దగ్గర అది నిలబడలేదు. వేరే బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి కొత్త తీగ లాగి, తీగ కొసలకు సరైన లోహపు లగ్గులు కొట్టేసరికి సాయంత్రం నాలుగైంది. నా బస్సు ఛార్జీలతో సహా మొత్తం ఖర్చు ఐదు వేలు దాటలేదు. ఆ లాంచీ మూణ్ణెల్లు లోతు తెలియకుండా జనాన్ని ఎక్కించుకుని తిరిగింది.

జలాశయంలో లోతు తెలియకపోతే ఏమవుతుందని ఒక అధికారి నన్నే అడిగారు, 'అక్కడేమన్నా సముద్రమా' అని. సముద్రం కంటే ఇక్కడే అవసరం. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. 510 దాకా దిగిన వేసవులు చూశాం. అంటే ఆగస్టులో లాంచీ నిశ్చింతగా దాటిన గుట్ట మార్చిలో అడుగుకు గీసుకోవచ్చు. నాగార్జునకొండకు వెళ్లే దారంతా మునిగిపోయిన లోయే. పాత సరంగులకు ప్రతి రాయీ తెలుసు. వాళ్లు రిటైరవుతున్నారు. జీపీఎస్ చెప్పే చోటూ సౌండర్ చెప్పే లోతూ ఒకే తెర మీద కలిసి నమోదైతే, ఒక ఏడాదిలో ఆ ముసలాయన తలలో ఉన్న పటం కుర్రవాడి ముందుకొస్తుంది. దానికి రెండు పెట్టెలూ మాట్లాడుకోవాలి.

రేడియో సంగతి కూడా ఇంతే. కొత్త రేడియోల్లో ఎర్ర మూత కింద ఒక మీట ఉంటుంది. ఆపదలో దాన్ని నొక్కి పట్టుకుంటే 70వ ఛానల్ మీద అక్షాంశ రేఖాంశాలతో సహా కబురు వెళ్తుంది. లోపలే జీపీఎస్ లేని రేడియోకు జీపీఎస్ తీగ కలపకపోతే ఆపద అని వెళ్తుంది, ఎక్కడ అన్నది దానంతట అది వెళ్లదు. ఒడ్డున దాన్ని వినే రేడియో ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మీరు జెట్టీకి వెళ్లినప్పుడు అడగండి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. మన వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. బోటును సోనార్‌తో వెతికి, చివరికి అక్టోబరు 22న పైకి తీశారు. ఆ ప్రమాదానికీ తీగలకూ సంబంధం ఉందని నేను అనడం లేదు, అలా అనడం అన్యాయం. కానీ తర్వాత అందరూ మాట్లాడింది లైఫ్ జాకెట్ల గురించీ అనుమతుల గురించీ. అవి కావాల్సిందే. సరంగు కళ్ల ముందున్న తెర నిజం చెబుతోందా అన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. సర్వే, రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలో పనే. ఇందులో కొంత మీ శాఖది కాకపోవచ్చు, ఎవరిదో తేల్చుకోవడం సచివాలయంలో వాళ్ల పని. నేను అడిగేది ఇది. పరికరం 'ఉంది' అన్న టిక్కు పక్కన ఇంకో గడి పెట్టించండి. అందులో 60 ఓముల రీడింగు రాయాలి. ఇంజను నడుస్తుండగా, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ రాయాలి. జీపీఎస్ రేడియోలో కనిపించిందా, లోతు తెర మీద కనిపించిందా, తాడుతో కొలిచిన లోతుకు అది సరిపోయిందా రాయాలి. రాసినవాడు సంతకం పెట్టాలి. టెండరులో సరఫరా, అమరిక అని రాసి వదిలేయకుండా, ఈ కాగితం ఇచ్చాకే చివరి వాయిదా చెల్లింపు అని రాయించండి. తీగల పటం ఒకటి లామినేషన్ చేయించి సరంగు సీటు పక్కన తగిలించమనండి. నేను ఇప్పటిదాకా ఎక్కిన లాంచీల్లో అది ఒక్కదాంట్లోనూ లేదు. ఏ తీగ ఎటు పోతోందో తెలుసుకోవడానికే నాకు సగం రోజు పోతుంది, ఆ సగం రోజుకు కూలీ కట్టేది మీరే.

ఇంకో చిన్న విషయం. మన పర్యాటక బోట్లకు అలంకరణ మోజు ఎక్కువ. ఎల్‌ఈడీ పట్టీలు పెళ్లి పందిరిలా చుట్టేస్తున్నారు. చవక ఎల్‌ఈడీల రొద వల్ల వీహెచ్‌ఎఫ్, ఏఐఎస్ సరిగా వినిపించకపోవచ్చని అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లోనే హెచ్చరించింది. పరీక్ష కష్టం కాదు. లైట్లు ఆర్పి, రేడియోలో గరగరను అణిచే స్క్వెల్చ్ మీటను గరగర మొదలయ్యేదాకా తిప్పి, అది ఆగేంత మేరకే వెనక్కి తిప్పి, అప్పుడు లైట్లు వేయాలి. మళ్లీ గరగర వస్తే తప్పు లైట్లదే. ఇక డీజే స్పీకర్లు. వాటిలో దిట్టమైన అయస్కాంతం ఉంటుంది. ఎలక్ట్రానిక్ దిక్సూచి పక్కన ఆ డబ్బా పెడితే లాంచీ ఉత్తరానికి పోతున్నా తెర తూర్పు అంటుంది. పాట ఆపినా లాభం లేదు, డబ్బా జరపాలి.

మీ ఇంజనీర్లలో ఇద్దరినో ముగ్గురినో పంపితే ఈ పరీక్షలన్నీ ఒక్క పూటలో నేర్పిస్తాను. సోమవారాలు నాకు ఖాళీ. మీటరు నాదే తెచ్చుకుంటాను, లాంచీ ఒకటి మీరు చూపించాలి.

ఇట్లు,
ఒక బోటు మిస్త్రీ,
సికింద్రాబాద్

మళ్లీ మనవి: ఈ ఉత్తరం పూర్తి చేస్తుండగా ఆ సరంగు ఫోన్ చేశాడు. లోతు బాగానే చూపిస్తోందట, దిక్సూచి మాత్రం నిన్నటి నుంచి అడ్డదిడ్డంగా తిరుగుతోందట. కొత్త స్పీకరు ఎక్కడ పెట్టారని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.